అసర్ నీడ, కృష్ణ కాలువ, మా బేటీ లెక్కల పుస్తకం

మొన్న ఆదివారం మా బేటీని తీసుకుని తెనాలిలో రేపల్లె పాసింజర్ ఎక్కాను. రేపల్లెలో మా ఖాలా ఇంట్లో దావత్. బేటీ పదో తరగతి. ఒళ్లో లెక్కల పుస్తకం, ముఖంలో దిగులు.

"అబ్బా, ఈ 'వాలు' నాకు ఎక్కట్లేదు. ఇంటర్‌లో లెక్కలు వద్దు, వేరే గ్రూపు తీసుకుంటా. అయినా మనోళ్లకి ఈ లెక్కలెందుకు?" అంది.

దిల్‌కి తగిలింది. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇదే మాటన్నాను. అప్పుడు నన్ను ఆపినవాళ్లు లేరు. లెక్కలు వదిలేశాను. ఆ అఫ్సోస్ ఇప్పటికీ ఉంది. ఆ రోజు తనకి చెప్పిన తారీఖునే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్లలో పిల్లలూ ఇదే సవాల్ అడుగుతుండొచ్చు.

ముందు "మనోళ్లకెందుకు" అన్నదానికి జవాబు. ఆల్జీబ్రా అనే మాటే అరబ్బీ "అల్-జబ్ర్". విరిగిన ఎముకని కూర్చడానికీ అదే మాట. క్రీ.శ. 820 ప్రాంతంలో బగ్దాదులో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ రాసిన కితాబు పేరులోంచి వచ్చింది. ఆ కితాబులో మీరాస్ లెక్కలకే పెద్ద భాగం ఇచ్చాడాయన. పోయినవాళ్ల ఆస్తిలో బీబీకెంత, బేటీకెంత హిస్సా అని. హింద్ అంకెల మీద కూడా వేరే కితాబు రాశాడు. ఇల్మ్ ఇక్కణ్ణుంచి అక్కడికీ, అక్కణ్ణుంచి ఇక్కడికీ నడిచిందన్నమాట.

రేపల్లెలో భోజనాలయ్యాక ఖాలా ఇంటి వాకిట్లో మీటరు కర్ర ఒకటి నిలబెట్టాం. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడు ఉండే పొట్టి నీడని సాయా-ఎ-అస్లీ అంటాం కదా. హనఫీ మస్లక్ ప్రకారం ఆ నీడకి కర్ర ఎత్తు రెండింతలు కలిస్తే అసర్ వఖ్త్ మొదలు. షాఫయీలకి ఒక్క ఇంత చాలు.

"మధ్యాహ్నం నీడ 20 సెంటీమీటర్లు అనుకో. హనఫీ అసర్‌కి నీడెంత?" అన్నాను.

"2.20 మీటర్లు."

"నీడ కొస నుంచి కర్ర కొసకి దారం కట్టు. 2.20 మీటర్లు పక్కకి నడిస్తే 1 మీటరు పైకెక్కింది. 1ని 2.20తో భాగించు."

"0.45."

"అదే వాలు. షాఫయీ అసర్‌కైతే 1ని 1.20తో భాగించాలి, 0.83. పొద్దు వాలేకొద్దీ దారం వాలూ తగ్గుతుంది."

పావుగంటకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గీత పెట్టించాను. ప్రతి గీతకీ మధ్య ఎడం ముందటిదానికంటే పెరుగుతోంది. నీడ ఎంత పెరిగిందో దాన్ని గడిచిన నిమిషాలతో భాగిస్తే మార్పు రేటు. ఆ రేటు ఎప్పుడూ ఒకేలా ఉంటే గ్రాఫులో సరళరేఖ, దానికి ఒకటే వాలు. మన నీడది అలా కాదు, అందుకే దాని గ్రాఫు వంగుతుంది.

పదకొండో శతాబ్దంలో అల్-బీరూనీ నీడల మీదే ఒక కితాబు రాశాడు. నమాజు వేళల లెక్క అందులో ఉంది. అరబ్బీలో నీడ అంటే జిల్. ఇప్పటి టాంజెంట్, కోటాంజెంట్ రెండింటినీ వాళ్లు నీడ పేరుతోనే పిలిచారు. నేలతో రేఖ చేసే కోణానికి టాంజెంట్ కడితే వచ్చేది ఆ రేఖ వాలే.

తిరుగు ప్రయాణంలో కాలువల మాట వచ్చింది. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు ఊడ్చేసింది. కృష్ణ పక్కనే పారుతున్నా చేలకి నీళ్లెక్కలేదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. పని చేయించింది కెప్టెన్ ఓర్. ఆ నీళ్లు దుగ్గిరాల, తెనాలి మీదుగా మన చేలకి వచ్చాయి. మోటారు లేదు, మోట లేదు. నడిపించింది వాలు ఒక్కటే.

"తెనాలి నుంచి రేపల్లె 34 కిలోమీటర్లు. అంత దూరంలో నేల 4 మీటర్లు దిగిందనుకో" అన్నాను. బేటీ లెక్కేసింది. కిలోమీటరుకి దాదాపు 12 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. పైగా దిగుతోంది గనక రుణ సంఖ్య. కాలువకి వాలు ఎక్కువైతే నీరు మట్టిని కోసుకుపోతుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుపోతుంది. మధ్యలో సరైన వాలు పట్టుకోవడమే హునర్.

మా దాదా రేపల్లె వైపు శివారు భూమి కౌలుకి చేసేవాడు. అక్షరం రాదు. కాలువలో కత్తిగాట్లు పెట్టిన కర్ర పాతి, పొద్దున్నా సాయంత్రం చూసేవాడట. పూటకి నాలుగేళ్లు పెరిగితే నారు పోసేవాడు, రెండేళ్లే పెరిగితే ఆగేవాడు. ఇంటిల్లిపాది తిండి ఆ లెక్క మీదే ఉండేది. మార్పు రేటు అనే పేరు తెలియకపోయినా ఆయన కట్టింది అదే.

బేటీ కాసేపు కిటికీలోంచి చూసింది. "బాపట్లలో ఫుప్పూ వాళ్ల చేలో వానొస్తే రోజుల తరబడి నీళ్లు నిలబడతాయి. సముద్రం పక్కనే ఉందిగా, ఎందుకు పోవు?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే జవాబిచ్చింది. "ఓ... పక్కనే ఉంటే చాలదు. వాలు ఉండాలి."

ఏ గ్రూపు తీసుకుంటుందో ఇంకా తేల్చలేదు. నేనూ జబర్దస్తీ చేయను. ఏదైనా తీసుకోనీ, లెక్కలకి భయపడి మాత్రం కాదు, అవి మనవి కావనుకుని అసలే కాదు. ఈ జుమ్మా రోజు మీ వాకిట్లోనూ ఒక కర్ర నిలబెట్టి, సుద్దముక్క పిల్లల చేతికివ్వండి.