ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? మదర్‌బోర్డు పోయిందనుకునే ముందు ఇవి చూడండి

హైదరాబాద్: అమీర్‌పేటలో కోచింగ్, పంజాగుట్టలోనో ఎర్రమంజిల్‌లోనో హాస్టల్. జిల్లాల నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే పిల్లలకు ల్యాప్‌టాపే పుస్తకం, ల్యాప్‌టాపే పెట్టుబడి. పొద్దున ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనగా రాత్రి అది ఆన్ కాకపోతే కంగారు సహజం. షాపులో ‘మదర్‌బోర్డు పోయింది’ అన్న మాట వింటే గుండె జారుతుంది. అది నిజమే కావచ్చు. అయితే మిగతావన్నీ చూశాక చివర్లో తేలాల్సిన విషయం అది.

ముందు కరెంటు సంగతి. హాస్టల్ సాకెట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు లూజుగా ఉండటం మామూలే. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. తర్వాత అడాప్టర్. గుండ్రటి పిన్ను ఉన్న అడాప్టర్లపై సాధారణంగా 19, 19.5 లేదా 20 వోల్టులని రాసి ఉంటుంది. మల్టీమీటర్‌లో దాదాపు అంతే రావాలి. సున్నా చూపినా, వైరు కదిపినప్పుడల్లా అంకె మారినా తప్పు అడాప్టర్‌దే. టైప్-సి ఛార్జర్‌ను మాత్రం ఇలా కొలవలేం. ల్యాప్‌టాప్‌కు తగిలించి, రెండూ ‘మాట్లాడుకున్నాకే’ అది 20 వోల్టులు ఇస్తుంది. దాన్ని అదే వాట్స్ ఉన్న మరో ఛార్జర్‌తో పోల్చి చూడాలి. చిన్న ఫోన్ ఛార్జర్ పెట్టి ‘ఆన్ కాలేదు’ అనుకుంటే లెక్క తప్పుతుంది.

అడాప్టర్ బాగానే ఉంటే దాన్ని తీసేయండి. పెన్‌డ్రైవ్, మౌస్ కూడా తీసేయండి. బ్యాటరీ ఊడదీసే రకమైతే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. లోపల మిగిలిన ఛార్జ్ పోవడంతోనే లేచి కూర్చునే ల్యాప్‌టాప్‌లు చాలానే ఉన్నాయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం ఏమీ చేయొద్దు. బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, ఛార్జింగ్ పెట్టడమే ప్రమాదం. చాయ్ ఒలికినా అంతే. ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేస్తేనే బోర్డు షార్ట్ అవుతుంది.

లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, స్క్రీన్ నల్లగా ఉంటే కథ వేరు. ల్యాప్‌టాప్ ఆన్ అయినట్టే, బొమ్మే రావట్లేదు. క్యాప్స్‌లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా చూడండి. ఫోన్ టార్చిని స్క్రీన్‌పై వాలుగా వేస్తే మసగ్గా అక్షరాలు కనిపించాయా? పోయింది బ్యాక్‌లైట్ లేదా డిస్‌ప్లే కేబుల్. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే అక్కడ బొమ్మ వస్తుంది, ఇంటర్వ్యూ కూడా గట్టెక్కుతుంది! లైటు మినుకుమంటున్నా, బీప్‌లు వస్తున్నా ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి. ఏ భాగం చెడిందో కంపెనీలు ఆ లెక్కతోనే చెబుతాయి, మోడల్‌ను బట్టి అర్థం మారుతుంది. ఎక్కువసార్లు దొరికే దొంగ ర్యామ్. వారంటీ లేని ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టిస్తే చాలు. కొత్త సన్నని మోడళ్లలో అది బోర్డుకే అతికి ఉంటుంది.

ఇవేవీ పని చేయకపోతే అప్పుడు బోర్డు. అప్పుడైనా మొత్తం మార్చడం ఒక్కటే దారి కాదు. చిన్న కెపాసిటరో మాస్ఫెట్టో షార్ట్ అయినా ల్యాప్‌టాప్ చచ్చినట్టే పడి ఉంటుంది. చిప్ లెవెల్ రిపేరు చేసేవాళ్లు అదొక్కటే మారుస్తారు.

డబ్బు కన్నా విలువైంది డేటా. ఎస్‌ఎస్‌డీ విడిగా ఉంటే బోర్డు పోయినా ఫైళ్లు సాధారణంగా భద్రమే. తీసి, దానికి సరిపడే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి మరో కంప్యూటర్‌లో చూడొచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దొరుకుతుంది. కొత్త మ్యాక్‌బుక్‌ల సంగతి వేరు, బోర్డు లేస్తేనే డేటా. అలాంటి బోర్డును మార్చి పారేయనివ్వొద్దు.

ఎర్రమంజిల్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ లైన్ మారి ప్యారడైజ్ దిగితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు దగ్గర. కంప్యూటర్ విడిభాగాలకు పేరున్న చోటు. ఎక్కడిచ్చినా సీరియల్ నంబర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సైజు రసీదుపై రాయించుకోండి. రేటు ముందే తేల్చుకుని, మార్చిన పాత పార్టును వెనక్కి అడగండి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.