ఇంటి కుండ, సర్కారు సీసా: భోగాపురం నుంచి ఒక పులుపు చరిత్ర

భోగాపురం చుట్టుపక్కల దళితపేటల్లో నోటి చరిత్ర సేకరించడానికి మేము తిరిగినప్పుడు, భూమి గురించి అడిగితే చెప్పారు. కంబారితనం గురించి అడిగితే చెప్పారు. అంటరానితనం గురించైతే అడక్కముందే చెప్పారు. "ఇంట్లో తాగడానికి ఏం పులవబెట్టుకొనేవారు?" అనేసరికి మాత్రం నోళ్ళు మూతపడ్డాయి. ఒక ముసలమ్మ మా నోటుబుక్కు వంక చూసి, "ఇదంతా రాసుకొని ఏటి సేస్తావు బాబూ, టేసన్లో ఇచ్చీస్తావేటి?" అంది. యూనివర్సిటీలో మాకు పరిశోధన పద్ధతులు చెప్పినవాళ్ళెవరూ ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు.

చివరికి చెప్పింది మా అమ్మమ్మే. ఆవిడ పుట్టిల్లు సాలూరు వైపు కొండదిగువ. అక్కడ కొండోళ్ళ ఇరుగుపొరుగున నేర్చుకున్న పనిని పెళ్ళయ్యాక సముద్రం ఒడ్డు ఊరికి తెచ్చుకుంది. ఆ పనికి కావలసింది చోళ్ళు. మిగతా ఆంధ్ర రాగులు అనేదాన్ని మా వైపు చోళ్ళు అంటాం. కొన్ని చోళ్ళు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి విసరాలి. మిగతావి పిండి చేసి గట్టిగా ఉడకబెట్టాలి. చెయ్యి పెడితే కాలనంతగా చల్లారాక మొలకపిండి కలిపి, నీళ్ళు పోసి, పాత కుండలో పొయ్యి పక్కన ఉంచాలి. పాత కుండే ఎందుకు? కొత్త కుండలో సరిగా పులవదట. కిందటిసారి మడ్డి లోపలి గోడలకు అంటుకొని ఉండాలి. అది లేకపోతే యాతోళ్ళ దగ్గర తాటికల్లు మడ్డి గుప్పెడు తెచ్చి వెయ్యాలి. మొలకపిండి గింజలోని పిండిని తీపి చేస్తుందనీ, మడ్డిలో ఉండే ఈస్టు ఆ తీపిని తిని మత్తుగా మారుస్తుందనీ సైన్సు పుస్తకం చెబుతుంది. యూరపువాళ్ళు బార్లీ మొలకలతో బీరు కాచేదీ ఈ సూత్రం మీదే. మా అమ్మమ్మకి బార్లీ తెలీదు, సూత్రం తెలుసు.

దీనికి పేరేమిటని అడిగాం. "పేరేటి? పులుపే" అంది. కొండల మీద దీని అక్కచెల్లెళ్ళకు పేర్లున్నాయి. కోరాపుట్టు, బస్తరు వైపు లంద అంటారు. బొండోలు, గదబలు బియ్యంతోనో చోళ్ళతోనో చేసేదాన్ని పెండొం అంటారు. వెరియర్ ఎల్విన్ 1950లో బొండోల మీద అచ్చువేసిన పుస్తకంలో వాళ్ళ తాగుడు గురించి శ్రద్ధగా రాశాడు. కొండమీద ఉంటే పుస్తకంలోకి ఎక్కుతుంది, కొండ దిగి దళితపేటలోకి వస్తే పోలీసు డైరీలోకి ఎక్కుతుంది. ఈ వ్యాసం రాయాలని మాకు అనిపించింది అక్కడే.

వంట ఒకటే అయినా ఏ ఇంటి కుండ రుచి ఆ ఇంటిదే. "మీ తాతకి నాలుగోనాటిది కావాల, సేదెక్కాల. నాకు రెండోనాటిదే, తియ్యగుంటాది. మీ పెద్దత్త బెల్లంముక్క ఏసీది, దాన్నిసూసి మేం నవ్వీవోళ్ళం. బెల్లమేస్తే అది పులుపేటి, పానకం!" అని అమ్మమ్మ చెబుతుంటే పక్కింటి అప్ప తగవుకొచ్చింది. బెల్లం తప్పేమీ కాదని ఆమె వాదన. చలికి పొయ్యి దగ్గరగా, ఎండకు దూరంగా కుండ జరపడం, గింజ పాతదైతే మొలకపిండి పెంచడం, నురగ చప్పుడు విని రోజు లెక్కగట్టడం లాంటివి ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డమొస్తూ గంటసేపు చెప్పారు. ఏటేటా అదే వంట చేస్తూ, ప్రతిసారీ తన నోటికి తగ్గట్టు కొంచెం సవరించుకుంటూ పోయిన జ్ఞానం ఇది. మా వైపు అగ్రవర్ణాల ఇళ్ళలోనూ తరవాణి కుండ ఉండేది. అన్నం గంజీ నీళ్ళూ పులవబెట్టి, కుండ పూర్తిగా ఖాళీ చెయ్యకుండా రోజూ కలుపుకుంటూ పోయేవాళ్ళు. ఆ పులుపు ఆచారమైంది, ఆరోగ్యమైంది. మా పులుపు అలవాటైంది, ఆ తర్వాత నేరమైంది.

నేరం అయిన తేదీ దొరుకుతుంది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. భోగాపురం అప్పుడు విశాఖపట్నం జిల్లా. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లోనే. ఆ చట్టం దృష్టిలో కల్లు, బీరు, సారా అన్నీ ఒకటే. మత్తు ఉన్న ద్రవం ఏదైనా మద్యమే. లైసెన్సు లేకుండా తయారు చెయ్యకూడదు, చెట్టు గియ్యకూడదు, తయారీకి పనికొచ్చే సామాను కూడా దగ్గర పెట్టుకోకూడదు. ఈ చివరి మాట దగ్గర ఆగాలి. లండన్‌లో బీరు కంపెనీకి ఉండే సామాను వేరు. మా ఇంట్లో సామానంటే అన్నం వండే కుండే. పులుపు ఉంటే అది సాక్ష్యం, లేకపోతే అది కుండ. మా చిన్నప్పుడు ఖాకీ చొక్కాలవాళ్ళు పేటకొస్తే ఆడవాళ్ళు ముందు కుండలు బోర్లించేవాళ్ళు. ఒకసారి మా ఇంట్లో పగలగొట్టిన మూడింటిలో రెండు మంచినీళ్ళవి.

సర్కారు తాగుడు మాన్పించడానికి ఈ చట్టం తెచ్చిందనుకుంటే పొరపాటు. దుకాణాలు వేలం వేసింది కూడా సర్కారే. నువ్వు చేసుకోవద్దు, కొనుక్కో అన్నది దాని అర్థం. ఈ అర్థం కొండవాళ్ళకు మనకన్నా ముందే తెలిసింది. 1879 మార్చిలో గోదావరి జిల్లా రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. దానికి తక్షణ కారణాల్లో పెద్దది కల్లు. మన్సబుదారు చిగురుపన్ను పేరుతో గుంజేది ఒకవైపు, ఇంటి వాడకానికి గీసుకునే కల్లుమీద కూడా ఆబ్కారీ ఆంక్షలు పెట్టి హక్కును గుత్తేదారుల చేతిలో పెట్టడం ఇంకోవైపు. అది మా విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ పాకింది. మన పాఠ్యపుస్తకాల్లో రంప అంటే 1922-24 నాటి అల్లూరి సీతారామరాజే. ఆయన మన్యం జనాన్ని తాగుడు మానమని చెప్పాడన్నది నిజం. ఆయనకు నలభై ఏళ్ళ ముందు అదే కొండలు తమ కల్లు తమకే ఉండాలని లేచాయన్నదీ నిజం. ఈ రెండు నిజాల్నీ ఒకే పేజీలో రాసే పుస్తకం మాకు బళ్ళో ఇవ్వలేదు.

సాహిత్యంలో వెతికినా అదే కథ. విజయనగరంలో కూర్చుని గురజాడ రాసిన కన్యాశుల్కంలో సారా దుకాణం ఉంది, అందులో బైరాగి ఉన్నాడు, హెడ్డు కనిస్టీబు ఉన్నాడు. గొప్ప రంగం, కాదనం. కానీ దుకాణమే కనిపిస్తుంది. దుకాణానికి రానివ్వని మనిషి ఇంట్లో ఏం తాగాడో కనిపించదు.

రానివ్వని మనిషి అన్నది ఊరికే అన్నమాట కాదు. తాటితోపులో కల్లు పోసేటప్పుడు మాల, మాదిగ, రెల్లివాళ్ళు ఎడంగా కూర్చోవాలి. పైనుంచి తాటాకు దొన్నెలోకి పోస్తారు. ముంత ముట్టుకోనివ్వరు. ఈ మాట మాకు ప్రతి పేటలోనూ చెప్పారు. మళ్ళీ గీసే యాతవాళ్ళూ, అమ్మే సెగిడీలూ పెద్ద కులాలేమీ కారు. నిచ్చెన అలాంటిది. "అక్కడ దొన్నె పట్టుకొని వొంగోవాల. ఇంటికాడయితే గుమ్మంలో కూకొని, మన గిన్నెతో మనం తాగుతాం" అంది అమ్మమ్మ. ఊడుపులు అయ్యి, నడుం పడిపోయి, చీకటిపడ్డాక ఇంటికొచ్చిన ఆడమనిషికి ఇంకెక్కడా దొరకని జాగా అది.

ఇక్కడ మేము బాబాసాహెబుతో ఒక పేచీ పెట్టుకోక తప్పదు. భక్తితోనే పెట్టుకుంటున్నాం. 1951లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక మద్యనిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించింది. నిషేధం వల్ల ఖజానాకు రాబడి పోతుందనీ, దొంగసారా ఇంటింటి పరిశ్రమ అవుతుందనీ చెప్పింది. అంతవరకూ సరే. కానీ ఇంకో మాట కూడా అంది. ఇదివరకు దుకాణంలో మగవాళ్ళే తాగేవాళ్ళు, ఇప్పుడు కళ్ళముందే తయారవుతుంది కాబట్టి ఆడవాళ్ళూ పిల్లలూ తాగుతున్నారని దాని వాదన. నిషేధం కాలంలో దొంగచాటుగా కాచే సారా గురించైతే ఈ మాటను మేము కాదనలేం. కానీ ఇంట్లో తయారవ్వడం నిషేధంతో మొదలు కాలేదు. ఆడవాళ్ళు తాగడం పతనానికి గుర్తూ కాదు. మా ఆడవాళ్ళు దుకాణానికి వెళ్ళరు కాబట్టి తాగరని లెక్కగట్టింది దుకాణం చూసినవాళ్ళే. మా అమ్మమ్మ రెండోనాటి తియ్యటి పులుపు ఆ లెక్కలోకి రాలేదు.

ఈ విషయంలో మాకు దగ్గరగా మాట్లాడింది జైపాల్ సింగ్ ముండా. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మద్యనిషేధం గురించిన అధికరణం చర్చకొచ్చినప్పుడు ఆయన లేచి, బియ్యపు కల్లు ఆదివాసీల పూజలో భాగమనీ, అది లేకపోతే సంతాలులతో వరినాట్లే సాగవనీ వాదించాడు. అధికరణం 47 రానే వచ్చింది. అయినా ఆదివాసీల విషయంలో రాజ్యం కొంత వెనక్కి తగ్గింది. 1975 కేంద్ర మార్గదర్శకాలు గిరిజనులు సొంత వాడకానికి సంప్రదాయంగా చేసుకునేదాన్ని గుర్తించాయి. 1996 పెసా చట్టం మత్తుపదార్థాల నియంత్రణలో గ్రామసభకు మాట ఇచ్చింది. అదే గింజ, అదే కుండ, కొండ దిగగానే ఈ గుర్తింపు ఆగిపోతుంది. ఆదివాసీకి సంస్కృతి ఉందని ఒప్పుకున్నవాళ్ళు దళితుడికి అలవాట్లు మాత్రమే ఉన్నాయంటారు.

గీత కులాలు తమ పోరాటం తాము చేసుకున్నాయి. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం అమల్లోకి వచ్చి, చెట్టెక్కే వాళ్ళ పొట్ట కొట్టింది. మా శ్రీకాకుళం జిల్లా బారువ మనిషి గౌతు లచ్చన్న వాళ్ళ తరఫున నిలబడ్డాడు. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది ఈ నిషేధం తగువుమీదే. తర్వాత గీత సహకార సంఘాలొచ్చాయి. మంచిదే. అయితే కల్లు కులవృత్తి అయ్యేసరికి ఏ కులవృత్తీ కాని ఇంటి పులుపుకు దిక్కులేకుండా పోయింది. దాన్నీ కులవృత్తిగా గుర్తించమని మేము అడగం. కులవృత్తులు మాకు ఏం చేశాయో మాకు తెలుసు.

ఇంత చెప్పాక, ఇది తాగుడును పొగడ్డం అనుకునే మిత్రులుంటారు. వాళ్ళకో మాట. మా మేనమామ సారాతో పోయాడు. అది ఇంటి కుండది కాదు. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారు పాకెట్లు కట్టి పేట మొగదలకు తెచ్చి అమ్మిన సారా. కుండలో పులుపు చెయ్యాలంటే మూడు రోజులు ఆగాలి, చోళ్ళు ఉండాలి, ఇంటి ఆడమనిషి ఒప్పుకోవాలి. పాకెట్టుకు డబ్బులుంటే చాలు. కూలి డబ్బులు చేతికందిన గంటలో అయిపోయేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాలమీద తిరగబడ్డప్పుడు అందులో దళిత స్త్రీలు ముందున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది వాళ్ళవల్లే. మా అమ్మ కూడా ఆ కాలంలో మా పేట దుకాణం ముందు నిలబడిన మనిషే. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మమ్మ కుండలోది ఒక గిన్నె తాగి పడుకుంది. ఆమెకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. మాకు అది అర్థం కావడానికి ఎమ్.ఫిల్. దాకా పట్టింది.

తర్వాతది అందరికీ తెలిసిందే. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తివేత. 2019 అక్టోబరులో దుకాణాలు సర్కారే నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకిచ్చింది. ఎవరు అమ్మాలన్నదే తగువు. ఎవరు చేసుకోవచ్చన్న ప్రశ్న ఏ ప్రభుత్వమూ అడగలేదు.

భోగాపురం నుంచి హైవేమీద శ్రీకాకుళం వైపు వెళ్తే రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడా గింజ మొలకలే, అక్కడా ఈస్టే, అక్కడా పులవబెట్టడమే. దాన్ని పరిశ్రమ అంటారు. నగరాల్లో ఇప్పుడు అక్కడికక్కడే బీరు కాచి పోసే హోటళ్ళు కూడా వచ్చాయి. "మా సొంత రెసిపీ" అని బోర్డు పెడతారు. మా అమ్మమ్మకి ఈ సంగతి చెబితే, "గుండె గట్టిదే, బోర్డెట్టీసినారా!" అంది.

ఇటు విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన అయింది. పేరు అల్లూరి సీతారామరాజుది. దానికోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్ళు లేచిపోయాయి. ఇళ్ళకు లెక్కగట్టారు, చెట్లకు లెక్కగట్టారు. పునరావాస కాలనీలో మాతో మాట్లాడిన ఒకామె, పాత ఇంటినుంచి తెచ్చుకున్నవాటిలో మసిపట్టిన కుండ ఒకటుందని చూపించింది. గ్యాసు పొయ్యి పక్కన అది కూర్చోదు, అడుగు గుండ్రం. ఇటుకలు రెండు పెట్టి నిలబెట్టింది. అందులో ఇప్పుడు ఏముందని మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఈ వ్యాసంలో మనుషుల పేర్లు రాయనిది ఆ కారణంగానే. అచ్చుకు ఇచ్చేముందు అమ్మమ్మకు చదివి వినిపించాం. అంతా విని ఒకటే దిద్దింది. "మూడు రోజులు అని రాసినావు. అది ఎండాకాలం. పుష్యమాసంలో అయిదు పడతాది, అది కూడా రాయి."