ఆవిడ ఎలాంటిది? - ఒక పాత ప్రశ్న కథ

చిన్నప్పుడు మా అమలాపురం వైపు అరుగుల మీద ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని సామెత ఒకటుంది. ఆకొచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లొచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకేనని. ఒక్క కోనసీమలోనే కాదు లెండి, తెలుగు వాళ్ళున్న ప్రతిచోటా ఆడపిల్లలకి బుద్ధి చెప్పడానికి వాడేది ఇదే. మరి ముల్లుకెవరూ ఏమీ చెప్పరేం అని నాకు అప్పట్నుంచీ అనుమానం. పెద్దయ్యాక కొన్ని పాత కేసులు చదివితే అర్థమైందేమిటంటే, ఈ సామెత అరుగుల మీదే కాదు, కోర్టుల్లోనూ చాలాకాలం చెల్లింది. అక్కడ దాన్ని డిఫెన్సు అనేవారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేరం మోపబడ్డ ప్రతివాడికీ లాయర్ని పెట్టుకుని వాదించుకునే హక్కుంది. ఆ హక్కు లేకపోతే ఎవడి మీదైనా ఏదైనా మోపి లోపలెయ్యొచ్చు. కాబట్టి నా గొడవ డిఫెన్సుతో కాదు, ఒకే ఒక్క రకం డిఫెన్సుతో. "నా క్లయింటు ఆ పని చెయ్యలేదు" అనడం వేరు, "అసలు ఆవిడ ఎలాంటిదో చూడండి" అనడం వేరు. ఈ రెండో రకం చరిత్రే ఇప్పుడు చెప్పబోయేది. అదీ ప్రభుత్వ ఆవరణల్లో, అంటే మనల్ని కాపాడ్డానికి మన పన్నులతో కట్టిన గోడల మధ్య జరిగిన నేరాల గురించి.

1978 మార్చి నెలాఖరు, హైదరాబాదు. రమీజాబీ అనే యువతి, రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుసేన్ రాత్రి ఆట సినిమా చూసి ఇంటికి వెళుతున్నారు. పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషనుకి తీసుకుపోయారు. జరిమానా కట్టాలన్నారు. డబ్బులు తేవడానికి భర్త వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి స్టేషన్లోనే ఆమె మీద అత్యాచారం జరిగింది. ఇదేమిటని నిలదీసిన పాపానికి అతన్ని కొట్టారు. ఆ దెబ్బలకి చచ్చిపోయాడు. ఊరు భగ్గుమంది. జనం శవాన్ని తీసుకొచ్చి స్టేషను ముందు పెట్టారు. కాల్పులు, కర్ఫ్యూ. చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యి అప్పటికి నెల కూడా కాలేదు.

ప్రభుత్వం హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల వైపు వాదన ఏమిటో ఊహించగలరా? ఆవిడ వేశ్య అని. ఆ పెళ్ళి పెళ్ళే కాదని. భార్యని కోల్పోబోయి ప్రాణం కోల్పోయినవాడు మొగుడు కాదు, దళారీ అని. ఒక్కసారి ఆలోచించండి, ఇవన్నీ నిజమే అనుకున్నా సరే, స్టేషన్లో జరిగిన దానికి ఇది జవాబవుతుందా? నల్లకుంట స్టేషన్లో ఆ రాత్రి ఏం జరిగిందన్నది ప్రశ్న. ఆమెకి అంతకుముందు ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయన్నది జవాబు! కమిషన్ ఈ వాదనకి లొంగలేదు. పోలీసులు దోషులేననీ, వాళ్ళని ప్రాసిక్యూట్ చెయ్యాలనీ చెప్పింది.

ఇక్కడితో కథ అయిపోతే బావుండేది. కానీ కమిషన్ వేరు, క్రిమినల్ కోర్టు వేరు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ చెప్పింది తీర్పు కాదు, కోర్టు దానికి కట్టుబడక్కర్లేదు. సాక్ష్యం మళ్ళీ మొదట్నుంచీ కోర్టులో నిరూపించాలి. మన భాషలో చెప్పాలంటే ఒక సిస్టమ్‌లో పాసైన టెస్టు రెండో సిస్టమ్‌లో లెక్కలోకి రాదు. కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు పోలీసులందర్నీ వదిలేసింది.

అదే 1978లో, సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. అది మథుర కేసు. 1972 మార్చి 26 రాత్రి మహారాష్ట్రలోని దేసాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఒక ఆదివాసీ పిల్ల మీద కానిస్టేబుల్ అత్యాచారం చేశాడన్నది ఆరోపణ. అప్పటికామెకి పద్నాలుగు పదహారేళ్ళ మధ్య వయసు. ఆమెకి అంతకుముందే సంబంధముంది కాబట్టి ఇది అత్యాచారం కాదని సెషన్స్ కోర్టు 1974లో వదిలేసింది. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. భయంతో లొంగిపోవడం ఒప్పుకోవడం కాదని ఆ కోర్టు గుర్తించింది. సుప్రీంకోర్టు మళ్ళీ కొట్టేసింది. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఎదిరించలేదు, ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది దాని సారాంశం. అర్ధరాత్రి తలుపులేసిన పోలీసు స్టేషన్లో యూనిఫాం వేసుకున్నవాణ్ణి ఎవరైనా ఏ ధైర్యంతో ఎదిరిస్తారో ఆ తీర్పు అడగలేదు.

ఇలాంటి వాదనలు నడవడానికి కారణం లాయర్ల దుర్మార్గం ఒక్కటే అనుకుంటే పొరపాటు. చట్టమే దారిచ్చింది. 1872 నాటి సాక్ష్యాధార చట్టంలో 155వ సెక్షను నాలుగో క్లాజు చూడండి. అత్యాచారం కేసులో ఫిర్యాదుదారు సాక్ష్యాన్ని దెబ్బకొట్టడానికి ఆమె సాధారణంగా నీతిలేనిదని చూపించొచ్చని అందులో ఉండేది. దొంగతనం కేసులో ఇల్లు పోగొట్టుకున్నవాడి గుణగణాలు అడగమనే క్లాజు ఎక్కడా లేదు. తెల్లవాడు రాసిపెట్టి పోయిన ఈ ఒక్క వాక్యం స్వతంత్రం వచ్చాక కూడా యాభై ఐదేళ్ళు బతికింది.

చిత్రమేమిటంటే అమెరికా కూడా సరిగ్గా ఆ ఏడే ఈ ప్రశ్న మీద ఓ నిర్ణయానికొచ్చింది. మిషిగన్ రాష్ట్రం 1974లోనే దారి చూపించింది. ఫెడరల్ కోర్టుల కోసం 1978 అక్టోబరులో రూల్ 412 వచ్చింది. సైనిక స్థావరాలు, నేషనల్ పార్కుల్లాంటి ఫెడరల్ స్థలాల్లో జరిగిన కేసుల్లో ఈ రూలే వర్తిస్తుంది. మనలో చాలామంది నెలకోసారి ఎక్కే విమానాల్లో జరిగినా అంతే. బాధితురాలి పాత లైంగిక జీవితాన్ని మామూలుగా కోర్టులోకి తేకూడదు. అయితే ముద్దాయికి తలుపులన్నీ మూసెయ్యలేదు. దొరికిన శారీరక ఆధారం వేరేవాడిదని చూపించాలన్నా, అదే ముద్దాయితో ఆమెకి ముందునుంచీ సంబంధముందని చెప్పాలన్నా, రాజ్యాంగం ఇచ్చిన హక్కు దెబ్బతింటుందనుకున్నా జడ్జి అనుమతితో అడగొచ్చు. నాకు ఈ పద్ధతి నచ్చింది. డిఫెన్సుని చంపలేదు, డిఫెన్సు పేరుతో బురద చల్లడాన్ని ఆపింది.

మన దగ్గర కదలిక 1979లో మొదలైంది. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు మథుర తీర్పు మీద సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా ఆడవాళ్ళు రోడ్డెక్కారు. ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసు తన స్టేషను పరిధిలో చేసినా, ప్రభుత్వోద్యోగి తన కస్టడీలో ఉన్న స్త్రీపై చేసినా కనీసం పదేళ్ళ శిక్ష. అన్నిటికంటే ముఖ్యం 114ఎ. కస్టడీలో సంపర్కం జరిగిందని రుజువై, నేను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించాల్సిన బరువు ముద్దాయిది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైందీ అప్పుడే. అంతకుముందువాళ్ళు తమ పేర్లే కేసుల పేర్లయి మిగిలిపోయారు.

ఇంకో రకం డిఫెన్సు సర్కారుది. 1998లో హౌరా స్టేషన్లో రైల్వే వారి యాత్రీనివాస్‌లో ఒక బంగ్లాదేశీ మహిళపై సామూహిక అత్యాచారం జరిగింది. చేసినవాళ్ళలో రైల్వే ఉద్యోగులున్నారు. రైల్వే బోర్డు ఏమందీ? అది వాళ్ళ డ్యూటీలో భాగం కాదు కాబట్టి మాకు సంబంధం లేదు, పైగా ఆవిడ మన దేశస్థురాలు కాదు అంది. ఆవిడ ఎలాంటిది అనే ప్రశ్నకి ఇది ఢిల్లీ వెర్షను! 2000 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదనని కొట్టేసింది. బతికే హక్కు పౌరులకే కాదు, ఈ గడ్డ మీదున్న ప్రతి మనిషికీ ఉందంటూ పది లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది.

ఆ పాత క్లాజు చివరికి 2002 డిసెంబరు 31న పోయింది. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో ఇంకొన్ని మారాయి. ఒప్పుకుందా లేదా అనే ప్రశ్నకి ఆమె గత జీవితం అసంగతమని చట్టంలోకే ఎక్కింది. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి పైవాళ్ళ అనుమతి అక్కర్లేకుండా పోయింది. 2024 జులై 1 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్తవి వచ్చినా ఈ రక్షణలు కొనసాగాయి. 114ఎ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 120 అయింది, అంతే.

మరి అంతా సర్దుకున్నట్టేనా? వాకపల్లి చూడండి. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో కూంబింగుకి వెళ్ళిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. ఈసారి వేశ్యలు అనలేదు, మావోయిస్టులు చెప్పించిన మాటలు అన్నారు. బట్టలు మారాయి, ప్రశ్న అదే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, విచారణ జరగాల్సిందేనని 2017లో తేలింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసుల్నీ నిర్దోషులంది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చెయ్యలేదని అధికారుల్ని తప్పుపట్టి, ఆ మహిళలకి పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్ళు!

నాకు తోచిందేమిటంటే, యాభై ఏళ్ళలో మనం కోర్టులో అడగకూడని ప్రశ్నని తీసేశాం. అది చిన్న విజయం కాదు. ఇప్పుడు డిఫెన్సు అడిగేది "చేసింది వీళ్ళే అని రుజువేదీ?" అని. అది అడగాల్సిన ప్రశ్నే, ఏ లాయరూ అడక్కుండా ఉండకూడదు. కానీ దానికి జవాబు పోగుచేసే పని ఇంకా ముద్దాయిల డిపార్టుమెంటు చేతిలోనే ఉంది. సర్వర్లో దొంగతనం జరిగిందని అనుమానిస్తూ, లాగ్‌లు తెచ్చే పని అనుమానితుడి టీముకే అప్పగించినట్టు. లాగ్‌లు ఉండవు. లేకపోతే జడ్జి మాత్రం ఏం చేస్తాడు? సాక్ష్యం లేకుండా శిక్ష వెయ్యమని నేనూ అనను. చట్టంలో సెక్షన్లు మార్చినంత శ్రద్ధగా, పోలీసుల మీద కేసుని పోలీసులు కానివాళ్ళు దర్యాప్తు చేసే ఏర్పాటు మనం ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఆఫీసుల్లోనూ ఫిర్యాదుల కమిటీలున్నాయి. రేపు మీరో నేనో అందులో కూర్చోవచ్చు. ఫిర్యాదు కాయితం బల్ల మీదకి రాగానే కాంటీన్లో మొదలయ్యే మాట ఏమిటో మీకు తెలుసు. "ఆ అమ్మాయి సంగతి నీకు తెలీదు గురూ..." అని. 1978లో నల్లకుంట స్టేషను తరఫున వాదించిన మాట అదే. వచ్చే వాక్యం వినక ముందే ఆపగలమా లేదా అన్నది మన చేతిలో ఉన్న పని. ముద్దాయి చెప్పేది పూర్తిగా విందాం, సాక్ష్యం అడుగుదాం, అనుమానముంటే ఆయనకే వదిలేద్దాం. ఆకు ఎలాంటిదని మాత్రం అడక్కుండా ఉందాం.