థర్మోస్టాట్ నమూనాలు: ఉష్ణప్రసార గణనలో చరిత్ర

ఉష్ణోగ్రత ఒక హద్దు దాటగానే హీటరునో కంప్రెసరునో ఆపి, ఇంకో హద్దు తగలగానే మళ్లీ నడిపించే సాధనం థర్మోస్టాట్. ఇస్త్రీపెట్టెలో ‘టిక్’మని వినిపించేది దాని చప్పుడే. రెండు లోహాలు అతికిన పట్టీ వేడికి వంగి కరెంటు తెంపుతుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఇంత చిన్న వస్తువును ఉష్ణప్రసార సమీకరణాల్లో ఇమడ్చడం మాత్రం చాలాకాలం కొరుకుడు పడలేదు.

పరికరం పాతదే. హాలండుకు చెందిన కార్నెలిస్ డ్రెబెల్ (1572–1633) గుడ్లు పొదిగే పెట్టెకు ఇలాంటిది అమర్చాడు. స్పిరిటు వ్యాకోచించి పాదరసాన్ని నెడితే, పైకి లేచిన కడ్డీ పొయ్యికి గాలి అందే దారిని మూసేది. 1830లో ద్విలోహ పట్టీకి పేటెంటు తీసుకుని, ‘థర్మోస్టాట్’ అని పేరు పెట్టినవాడు స్కాట్లండు రసాయనవేత్త ఆండ్రూ యూర్. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాఠాలు చెప్పుకునే వారెన్ జాన్సన్‌కు వేరే బాధ ఉండేది. పనివాడు తరగతి తరగతికీ వచ్చి వేడి చూసి, నేలమాళిగకు దిగి డ్యాంపర్లు తిప్పేవాడు. మధ్యలో పాఠం ఆగిపోయేది. జాన్సన్ విద్యుత్ థర్మోస్టాట్‌కు 1883లో పేటెంటు వచ్చింది.

వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణాన్ని ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ 1822లోనే పుస్తకంగా అచ్చువేశాడు. అయినా ఈ రెండింటికీ పొత్తు కుదరడం కష్టమైంది. ఫోరియర్ సమీకరణానికి వస్తువులో ఇప్పటి ఉష్ణోగ్రతలు, అంచుల దగ్గరి పరిస్థితి తెలిస్తే చాలు, నిన్నటి సంగతి అక్కర్లేదు. థర్మోస్టాట్‌కు కావాలి. ఏసీ 24.5 డిగ్రీల దగ్గర మొదలై 23.5 దగ్గర ఆగుతుందనుకుందాం. గదిలో సరిగ్గా 24 ఉంటే అది నడుస్తున్నట్టా, ఆగినట్టా? గది ఏ హద్దును ముట్టి వచ్చిందో తెలియనిదే చెప్పలేం. ఈ జ్ఞాపకం పేరే హిస్టెరిసిస్. హద్దుల మధ్య ఆ ఎడమే లేకపోతే స్విచ్చి ఊరికే కొట్టుకుంటుంది.

జ్ఞాపకమే కాదు, ఆలస్యమూ చిక్కే. మాంచెస్టర్‌లో డగ్లస్ హార్‌ట్రీ, ఆర్థర్ పోర్టర్, క్యాలెండర్ అనే ముగ్గురు పరిశోధకులు నియంత్రణలో ఆలస్యం తెచ్చే చిక్కులను డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే యంత్రంపై లెక్కించి 1936లో ప్రచురించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్‌ట్రీ దగ్గర పనిచేసిన క్రాంక్, ఫిలిస్ నికల్సన్ 1947లో వెలువరించిన ఉష్ణవహన గణన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

కంప్యూటర్లు వచ్చాక కొత్త తలనొప్పి. లెక్క అయిదేసి నిమిషాల అంగల్లో సాగుతుంటే, మూడో నిమిషంలో దాటిన హద్దు దానికి కనపడదు. గది ఉండాల్సిన దానికన్నా చల్లబడిపోతుంది. పైగా ఒకే అంగలో ‘నడువు’ అంటే చల్లనై, ‘ఆగు’ అంటే వెచ్చనై, లెక్క ఎటూ తేలదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1975లో విడుదల చేసిన ట్రాన్సిస్ అనే అనుకరణ ప్రోగ్రాములో దీనికి మొరటు మందు ఉంది: నియంత్రకం ఇన్నిసార్లు ఊగాక ఉన్నచోటే అంటుకుపోవాలి. ఆ అంకె బేసిసంఖ్య, సాధారణంగా 5, ఉండాలని సూచన. గణితం కన్నా గడుసుతనమే ఎక్కువ, కానీ పనిచేసింది. హద్దు దాటిన క్షణాన్ని అంగలోపలే వెతికి పట్టుకుని, అక్కడ స్విచ్చి మార్చి లెక్కను తిరిగి మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి.

హిస్టెరిసిస్‌కు గట్టి గణిత పునాది వేసిన క్రాస్నోసెల్‌స్కీ, పొక్రోవ్‌స్కీల గ్రంథం రష్యన్‌లో 1983లో వచ్చింది. ఆలోగా విద్యుత్ ఇంజినీర్లకు ఇంకో అవసరం పడింది. చాలాసేపు పోయిన కరెంటు తిరిగి రాగానే ఇళ్లలోని థర్మోస్టాట్లన్నీ ఒక్కసారే ‘నడువు’ అంటాయి, లోడు అమాంతం పెరుగుతుంది. దీనికి ఇహారా, ష్వెప్పీ 1981లో నమూనా కట్టారు. 1985లో మాలమే, చాంగ్ వేల ఇళ్లను విడివిడిగా లెక్కించకుండా, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత భాగం ఇళ్లున్నాయో చెప్పే వ్యాపన సమీకరణాలు రాశారు. చూడటానికి అవి ఫోరియర్ సమీకరణానికి దగ్గరి చుట్టాలే. అక్కడ పాకేది వేడి, ఇక్కడ ఇళ్లు.