ఫిరంగి మీద జోకులు

ఫ్రెంచి ఫౌజు మీద ఇంగ్లండ్, అమెరికాల్లో చెప్పుకునే లతీఫాలు ఇప్పుడు మన ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. మీరూ చూసే ఉంటారు. "ఫ్రెంచి తుపాకీ అమ్మకానికి ఉంది. ఒక్కసారి కూడా పేల్చలేదు, ఒక్కసారి మాత్రం కింద పడేశారు." ఇంకోటి. పారిస్‌లో పెద్ద రోడ్డుకి రెండు పక్కలా చెట్లెందుకు నాటారు? జర్మన్ సిపాయిలు నీడపట్టున కవాతు చేసుకుంటూ రావడానికి. మూడోది. ఫ్రెంచి టాంకుకి ఐదు గేర్లుంటాయట, నాలుగు వెనక్కి, ఒకటి ముందుకి. ఆ ఒక్కటీ ఎందుకంటే, దుష్మన్ వెనకనుంచి వస్తే పారిపోవాలి కదా!

నేనూ నవ్వాను. మజాక్‌కి నవ్వకపోతే మనిషేమిటి? కానీ తారీఖు చదివే అలవాటున్నవాడికి నవ్వు అయిపోయాక ఒక సవాల్ మిగిలిపోతుంది. చేతులెత్తేసే జాతి అని పేరు మోసిన ఈ ఫ్రెంచివాళ్ల పేరుని మన తెలుగువాళ్లు దేనికి పెట్టుకున్నారో తెలుసా? ఫిరంగికి.

మాట ప్రయాణం చూడండి. ఫ్రాన్స్‌కి ఆ పేరు ఫ్రాంకులు అనే తెగనుంచి వచ్చింది. క్రూసేడ్ల కాలంలో, అదే మనం సలీబీ జంగులంటామే, ఆ కాలంలో అరబ్బులు పడమటినుంచి వచ్చిన ప్రతివాణ్నీ 'ఇఫ్రంజ్' అన్నారు. ఫార్సీలో అది 'ఫరంగీ' అయింది. ఫార్సీనుంచి మన దేశపు జుబాన్లలోకి వచ్చింది. ఉర్దూలో ఫరంగీ అంటే తెల్లవాడు. తెలుగులో ఆ తెల్లవాడితో వచ్చిన తోపు పేరే ఫిరంగి అయిపోయింది. ఒక భాషలో గోడలు కూల్చే తోపు, ఇంకో భాషలో కింద పడేసిన తుపాకీ! ఒకే కౌమ్‌కి ఇంత తేడాగా పేరెలా వస్తుంది?

ముందు ఆ జోకుల పుట్టుక చూద్దాం. 1995లో 'ది సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్లో ఒక బడి తోటమాలి ఫ్రెంచివాళ్లని జున్ను తినే కోతులనీ, లొంగిపోవడం తప్ప ఏమీ రానివాళ్లనీ వెక్కిరించాడు. తమాషా ఏమిటంటే ఆ పాత్ర స్కాట్లండ్ వాడు. ఇంగ్లండ్‌కి వ్యతిరేకంగా ఫ్రాన్స్‌తో 1295లోనే దోస్తీ కట్టిన దేశం స్కాట్లండ్! ఆ మాట అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఎనిమిదేళ్ల తర్వాత దానికి పని పడింది.

2003లో అమెరికా ఇరాక్ మీద జంగ్‌కి తయారవుతోంది. ఫిబ్రవరి 14న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి దొమినిక్ ద విల్‌పాన్ లేచి, ఆయుధాలు వెతికేవాళ్లకి ఇంకా సమయం ఇవ్వండి, జంగ్‌కి తొందరపడకండి అన్నాడు. సభలో చప్పట్లు మోగాయి. అమెరికాలో మాత్రం గుస్సా మండింది. మార్చిలో అక్కడి ప్రతినిధుల సభ క్యాంటీన్లలో 'ఫ్రెంచ్ ఫ్రైస్' పేరు తీసేసి 'ఫ్రీడమ్ ఫ్రైస్' అని రాశారు. ఆలూ ముక్కల మీద జిహాద్ అన్నమాట! ఆ వంటకం అసలు బెల్జియం వాళ్లదని ఫ్రెంచి రాయబార కార్యాలయం ఠండాగా గుర్తుచేసింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర రోషాంబో సిపాయిలూ, ద గ్రాస్ నౌకలూ లేకపోతే అమెరికాకి ఆ 'ఫ్రీడమ్' అంత తొందరగా దక్కేది కాదన్న సంగతి క్యాంటీన్లో ఎవరికీ యాద్ రాలేదు.

తర్వాత ఏమైంది? ఇరాక్‌లో ఆ ఆయుధాలు దొరకలేదు. ఫ్రైస్ పేరు మార్చమన్న ఇద్దరు సభ్యుల్లో ఒకరైన వాల్టర్ జోన్స్ తర్వాత ఆ జంగ్‌కే వ్యతిరేకి అయ్యాడు. చనిపోయిన అమెరికన్ సిపాయిల ఇళ్లకి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. క్యాంటీన్లలో పాత పేరు చప్పుడు చెయ్యకుండా తిరిగొచ్చేసింది. జోకులు మాత్రం తిరిగి వెళ్లలేదు. అంటే ఇప్పుడు మనం నవ్వుతున్న మజాక్‌కి ఊపిరి పోసింది ఎవరో పారిపోయినందుకు కాదు. ఒక దేశం "ఈ జంగ్ వద్దు" అన్నందుకు.

ఇరుగుపొరుగు దేశాలు ఒకదాన్నొకటి బద్నాం చేసుకోవడం పాత రివాజే. చెప్పకుండా సభలోంచి జారుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు 'ఫ్రెంచి సెలవు' అంటారు. ఫ్రెంచివాళ్లు అదే పనిని 'ఇంగ్లీషు తీరులో జారుకోవడం' అంటారు. పదిహేనో శతాబ్దం చివర్లో సిఫిలిస్ యూరప్‌ని పట్టుకుంటే ఇటలీవాళ్లు దాన్ని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ జబ్బన్నారు. తుర్కులు 'ఫ్రెంగీ' అన్నారు. మన దేశపు వైద్యులు 'ఫిరంగ రోగం' అని గ్రంథాల్లో రాసుకున్నారు. జబ్బు అందరిదీ, పేరు మాత్రం పక్కింటివాడిది. ఆ టాంకు గేర్ల జోకు కూడా అంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని ఇటాలియన్ల మీద చెప్పుకునేవాళ్లు. తర్వాత అదే టాంకుకి ఫ్రాన్స్ జెండా కట్టారు.

ఇక హకీకత్. ఫ్రాన్స్ 1940లో ఓడిపోయిన మాట నిజం. మే 10న జర్మనీ దాడి, జూన్ 22న సంధి. ఆరు వారాలు. దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఆ ఆరు వారాల హిసాబ్ కూడా చూడాలి కదా. చనిపోయిన ఫ్రెంచి సిపాయిలు తక్కువ లెక్కలో 60 వేలు, ఎక్కువ లెక్కలో 90 వేలు. డంకర్క్ తీరంనుంచి 3 లక్షల 38 వేలమంది ప్రాణాలతో ఓడలెక్కారని ఇంగ్లీషువాళ్లు సినిమాలు తీసుకుంటారు. ఆ సమయంలోనే లీల్ నగరం దగ్గర చుట్టుముట్టబడ్డ ఫ్రెంచి దళాలు నాలుగు రోజులు లొంగకుండా ఏడు జర్మన్ డివిజన్లని అక్కడే పట్టి ఉంచాయి. చివరికి మందుగుండు అయిపోయి లొంగిపోతే, జర్మన్ సేనాని వాళ్ల బహాదురీకి ఇజ్జత్ ఇచ్చి, ఆయుధాలతో కవాతు చేస్తూ బయటికి రానిచ్చాడు. దుష్మన్ ఇచ్చిన ఇజ్జత్‌ని దోస్తులు మర్చిపోయారు.

అంతకుముందు తరం సంగతి ఇంకా ఘోరం. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగు కోట్లు కూడా లేని దేశం 13 లక్షలకు పైగా సిపాయిల్ని పోగొట్టుకుంది. 1914 ఆగస్టు 22న ఒక్క రోజులో 27 వేలమంది ఫ్రెంచివాళ్లు చనిపోయారు. 1916లో వెర్దున్ దగ్గర పోరు 300 రోజులు సాగింది. ప్రతి పల్లెలో షహీదుల పేర్లు చెక్కిన రాయి ఉన్న దేశాన్ని బుజ్‌దిల్ అంటే ఆ రాళ్లు ఖామోష్‌గా ఉంటాయి, అంతే.

మరి 1940లో తప్పెవరిది? సిపాయిలది అనడం కన్నా పైవాళ్లది అనడం సబబు. ప్రధాన సేనాని గామెలాన్ పారిస్ పక్కన వాన్‌సెన్ కోటలో దఫ్తర్ పెట్టుకున్నాడు. ఆ దఫ్తర్‌లో రేడియో లేదు! ట్యాంకులూ విమానాలూ గంటల్లో కథ మార్చేస్తున్న జంగ్‌లో హుకుములు రోడ్డు మీద మోటార్ సైకిళ్లెక్కి పోతున్నాయి. జోకు కావాలంటే ఇంతకన్నా మంచి జోకు ఏముంది? కానీ దీన్నెవరూ చెప్పుకోరు. ఒక జనరల్ బేవకూఫీ మీద కంటే ఒక కౌమ్ మొత్తం మీద నవ్వడం సులువు.

ఈ మజాక్‌లో అసలు కనిపించని మనుషులు ఇంకొందరున్నారు. ఫ్రెంచి ఫౌజు అంటే మనకి తెల్లమొహాలే కళ్లముందు కదుల్తాయి. ఆ ఫౌజులో అల్జీరియా, ట్యునీషియా, మొరాకో వాళ్లున్నారు. సెనెగల్, మాలీ, గినీ లాంటి చోట్లనుంచి పట్టుకొచ్చిన 'సెనెగలీ తిరాయర్లు' ఉన్నారు. చాలామంది ముసల్మానులు. వెర్దున్‌లో దువోమాన్ కోటని 1916 అక్టోబరు 24న తిరిగి గెలిచినప్పుడు ముందు నడిచిన దళంలో సెనెగలీలూ సోమాలీలూ ఉన్నారు. అక్కడి ఖబరస్తాన్‌లో ఖిబ్లా వైపు తిరిగిన సమాధులు ఒక వరసలో ఉంటాయి. పారిస్‌లో 1926లో తెరిచిన పెద్ద మసీదు ఆ జంగ్‌లో చనిపోయిన ముసల్మాన్ సిపాయిల యాద్‌గార్‌గా కట్టిందే.

1940 జూన్ 17న మార్షల్ పెటాన్ రేడియోలో పోరు ఆపాలని జనానికి చెప్పాడు. ఆ మాట తర్వాత రెండు రోజులకి, లియాన్ నగరానికి పక్కన షసలే అనే ఊళ్లో 25వ సెనెగలీ తిరాయర్ల రెజిమెంటు ఇంకా పోరాడుతూనే ఉంది. తూటాలు అయిపోయాక లొంగిపోయారు. జర్మన్లు ఖైదీల్లో తెల్లవాళ్లని ఒక పక్కకి, నల్లవాళ్లని ఒక పక్కకి నిలబెట్టారు. నల్లవాళ్లని పొలంలోకి తీసుకెళ్లి మెషిన్ గన్లతో కాల్చారు. ఇప్పుడా ఊళ్లో ఎర్రమట్టి రంగు గోడలతో, పశ్చిమ ఆఫ్రికా తరహాలో కట్టిన ఖబరస్తాన్ ఉంది. అందులో దాదాపు 200 సమాధులున్నాయి.

లొంగిపొమ్మన్నవాడు ఫ్రాన్స్‌కి మార్షల్. ఇంకా కొట్లాడినవాళ్లకి ఫ్రాన్స్ పౌరసత్వం కూడా సరిగ్గా దక్కలేదు. "ఫ్రెంచివాళ్లు లొంగిపోతారు" అన్న జోకు ఎవరి మీదకి పోతుందో ఇప్పుడు చెప్పండి.

ఫ్రాన్స్ కూడా వాళ్లకి ఇన్సాఫ్ చెయ్యలేదు. జర్మన్ ఖైదునుంచి బతికి బయటపడి సెనెగల్ చేరిన తిరాయర్లు తమకి రావాల్సిన తన్‌ఖా అడిగారు. 1944 డిసెంబరు 1న డకార్ దగ్గర తియారోయ్ శిబిరంలో వాళ్ల మీద కాల్పులు జరిపింది ఫ్రెంచి ఫౌజే. చనిపోయినవాళ్లు 35 మంది అని అప్పటి సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని చరిత్రకారులంటున్నారు. అది ఊచకోత అని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకోవడానికి 2024 దాకా పట్టింది. కాబట్టి ఫ్రాన్స్‌ని వెనకేసుకురావడం నా మతలబ్ కాదు. వెక్కిరించాల్సిన చోట్లు ఆ దేశానికి బోలెడున్నాయి. బుజ్‌దిలీ మాత్రం వాటిలో లేదు.

ఇది ఎవరో దూరదేశపు గొడవ అనుకోకండి. మన సంగతీ ఇలాంటిదే. 1746లో మద్రాసు పక్కన అడయారు ఒడ్డున, కవాతు నేర్చిన కొద్దిపాటి ఫ్రెంచి దళమూ దాని దేశీ సిపాయిలూ కలిసి కర్ణాటక నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ తెచ్చిన పదివేల ఫౌజుని చెదరగొట్టారు. ఆ దెబ్బకి ఇంగ్లీషువాళ్ల కళ్లు తెరుచుకున్నాయి. వాళ్లూ ఇక్కడి మనుషుల్ని చేర్చుకుని కవాతు నేర్పారు. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. ఆ కథ విన్న తెలుగువాడెవడూ ఫ్రెంచివాడికి యుద్ధం రాదనడు. అదే ఏడు క్లైవ్ మద్రాసు సిపాయిల్ని వెంటబెట్టుకుని బెంగాల్లో ప్లాసీ గెలిచాడు. ఆ సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంత పేరు తెచ్చుకున్నారంటే, ఉత్తరాదిన కవాతు నేర్చిన ప్రతి సిపాయికీ 'తిలంగా' అనే పేరే పడిపోయింది. 1857లో దిల్లీ జనం ఊళ్లోకొచ్చిన బాగీ సిపాయిల్ని 'తిలంగే' అన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ వైపువాళ్లు. మాట మాత్రం మనది!

అంత పేరున్న తిలంగాలకి తర్వాత ఏమైంది? 1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, తర్వాత దేశం మొత్తానికీ సేనాని అయిన రాబర్ట్స్ దొర దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చేశాడు. పంజాబీ, పఠాన్, గోర్ఖా వీరజాతులట. తెలుగువాళ్లూ తమిళులూ దక్కనీ ముసల్మానులూ కాదట. 1857లో మద్రాసు ఫౌజు తెల్లవాళ్లకి ఎదురు తిరగలేదు. ఆ వఫాదారీకి దక్కిన ఇనాం ఇది. మద్రాసు పటాలాల్లో మనవాళ్ల చోట్లో ఉత్తరాదివాళ్లని నింపారు, కొన్నింటిని రద్దు చేశారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నెత్తిమీదకి రాగానే, 1941లో మద్రాసు రెజిమెంటుని మళ్లీ నిలబెట్టారు. వీరజాతి కానివాళ్లకి మళ్లీ తుపాకులిచ్చారు. రక్తం మారలేదు. సర్కారు జరూరత్ మారింది.

తిలంగాని పనికిరానివాడన్న కలమూ, 2003లో ఫ్రెంచివాణ్ని బుజ్‌దిల్ అన్న కలమూ ఒకే రకం సిరాతో రాశాయి. తన మాట వినేవాడు బహాదుర్, విననివాడు బుజ్‌దిల్, అవసరం తీరినవాడు పనికిరానివాడు. ఫలానా మతంవాళ్లు ఇంతే, ఫలానా జిల్లావాళ్లు ఇంతే అని మన చుట్టూ తిరిగే లతీఫాల వెనక కూడా ఎవడి అవసరం ఉందో ఒకసారి చూడండి.

నవ్వుకోండి, నవ్వొద్దని నేననను. రేడియో లేని కోటలో కూర్చుని జంగ్ నడిపిన జనరల్ మీద కడుపుబ్బ నవ్వుదాం. ఆలూ ముక్కల పేరు మార్చి దేశభక్తి తీర్చుకున్నవాళ్ల మీద నవ్వుదాం. షసలేలో ఎర్రమట్టి గోడల మధ్య పడుకున్న ఆ 200 మందిని మాత్రం ఈ మజాక్‌లోకి లాగొద్దు. వాళ్ల తుపాకులు కింద పడింది తూటాలు అయిపోయాకే.