మూలవ్యాధి - మిరపకాయపై మోపిన నింద

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప, ప్రత్తి చేల నడుమనున్న పల్లెలలో మొలలు వచ్చినవానికి ఇరుగుపొరుగువారు చెప్పు మొదటి మాట "కారము మానుము" అనియే. మిరప పండు సీమలో ఈ నింద సహజము. కాని ఈ వ్యాధి చరిత్ర మన దేశమున మిరపకాయ చరిత్రకంటె చాల ప్రాచీనమైనది.

మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి మూలమున అది భారతదేశము చేరినది. అంతకు వేయేండ్లకు పైగా పూర్వమే సుశ్రుతసంహిత ఈ వ్యాధిని "అర్శస్సు" అను పేర వర్ణించి, ఎనిమిది మహావ్యాధులలో ఒకటిగా లెక్కించినది. ఔషధము, క్షారము, అగ్నికర్మ, శస్త్రము అని నాలుగు చికిత్సలు చెప్పినది. ఆవు చన్ను ఆకారము గల గొట్టముతో లోపల పరీక్షింపవలెననియు విధించినది. గ్రీసులో హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలోను మొలలను కాల్చు పద్ధతి కలదు. మిరపకాయ రుచి నెరుగని ఆ జనులకును ఈ బాధ తప్పలేదు.

మరి మొల యన నేమి? మలద్వారపు లోపలి గోడలో రక్తనాళములతో నిండిన మెత్తని దిండ్లవంటి భాగములు అందరికిని ఉండును. ద్వారము చక్కగా మూసికొనుటకు అవి తోడ్పడును. మలబద్ధకముచే ముక్కుట, మరుగుదొడ్డిలో చాలసేపు కూర్చుండుట, గర్భధారణ మున్నగు కారణములచే అవి ఉబ్బి క్రిందికి జారును. అవియే మొలలు. లోపలి మొలలనుండి సాధారణముగా నొప్పి లేకుండ ఎర్రని రక్తము పడును. వెలుపలి మొలలు దురద, నొప్పి కలిగించును.

2006లో ఇటలీ వైద్యులు మొలలుగల 50 మందికి ఒకమారు మిరపపొడి గొట్టమును, వేరొకమారు ఉత్త గొట్టమును ఇచ్చి పరీక్షించిరి. బాధలలో భేదము కనబడలేదు. గుదమున చీలిక గలవారికి మాత్రము కారము మంటను పెంచవచ్చును. అసలు దోషము పీచులేని తిండిలోను, నీరు చాలకపోవుటలోను కలదు. దినమంతయు ఎండలో కాయకోసి నీరు తక్కువగా త్రాగువారికి మలము గట్టిపడుట వింతకాదు. జొన్న, సజ్జ, ఆకుకూరలు, పప్పులు, చాలినంత నీరు మేలుచేయును.

చికిత్సయు కాలక్రమమున సులభమైనది. లండనులో 1937లో మిల్లిగన్, మోర్గన్ మొదలగువారు శస్త్రచికిత్సా పద్ధతి నొకదానిని ప్రకటించిరి. 1963లో అమెరికా వైద్యుడు బారన్ మొలకు రబ్బరు పట్టీ వేయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. గుంటూరులో 1946లోనే వైద్యకళాశాల వెలసినది. అయినను సిగ్గుచే దాచుకొనువారు, అర్హతలేనివారిచే మందు పూయించుకొని పుండు పడువారు నేటికిని కలరు.

అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. మలద్వారమునుండి పడు రక్తమెల్ల మొలల రక్తము కాదు. పెద్దప్రేగు క్యాన్సరు కూడ ఇట్లే ఆరంభము కావచ్చును. రక్తము వారము దాటి పడుచున్నను, నలుబది యేండ్లు దాటిన పిదప క్రొత్తగా కనబడినను, మలవిసర్జన తీరు మారినను, బరువు తగ్గినను, రక్తహీనత కలిగినను, వంశములో ఆ క్యాన్సరు ఉన్నను వైద్యుని తప్పక చూడవలెను. రక్తము విస్తారముగా పోయినను, తల తిరిగినను, మలము తారువలె నల్లగా వచ్చినను, జ్వరముతో తీవ్రమగు నొప్పి వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గొట్టముతో లోపల చూచిన పిదపనే చికిత్స అను నియమము సుశ్రుతుని నాటిది. చూడకయే మొలలని నమ్మి ఊరకుండుట ప్రాణాంతకము కావచ్చును.