సహదేవి: జ్వరాల చరిత్రలో ఒక చిన్న పువ్వు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వానలు పడ్డాక చెలకల గట్ల మీద, బాటల వెంట పెరిగే ఒక సన్నని మొక్కను మీరు చూసే ఉంటారు. కొసన చిన్న ఊదారంగు పువ్వులు. అవి ముదిరితే గాలికెగిరే తెల్లని నూగు. అదే సహదేవి. గరిటెకమ్మ అనీ అంటారు. ఇది చేమంతి కుటుంబానికి చెందినది. ఒక్క పువ్వుగా కనబడేది నిజానికి అనేక చిరుపువ్వుల గుత్తి. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులోని ‘సినేరియా’ అన్న మాటకు బూడిదరంగుది అని అర్థం.

మన సంప్రదాయ వైద్యం దీనిని జ్వరానికి వాడింది. కషాయం తాగించడమే కాక, వేరును తలకు కట్టే ఆచారమూ ఉంది. నా ఉద్యోగకాలంలో, అలా వేరు కట్టి నాలుగు రోజులు వేచి చూసి, చలిజ్వరంతో వణుకుతున్న బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని చూశాను. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. బిడ్డ దక్కింది. ఆ తల్లిని నేను తప్పుపట్టలేదు. ఆమె ముత్తవ్వ కాలంలో ఆ జ్వరం ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. దోమకూ ఈ జ్వరానికీ ఉన్న సంబంధం అప్పుడు తేటతెల్లమైంది. మందు విషయంలో మరో మలుపు చేమంతి కుటుంబం నుంచే వచ్చింది. మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఒక మొక్కను చైనా శాస్త్రవేత్త తు యుయు పరిశోధించారు. మరిగిస్తే గుణం పోతోందని, పాత గ్రంథంలో నీళ్లలో నానబెట్టమని ఉన్నదని గమనించి, తక్కువ వేడిలో సారం తీశారు. 1972లో ఆర్టెమిసినిన్ చేతికందింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

మరి సహదేవి? ప్రయోగశాలలో దీని రసాయనాలు కొన్ని మలేరియా పరాన్నజీవిపై పనిచేశాయి. కాలేయానికి హాని చేసే పదార్థాలూ ఇందులో కనబడ్డాయి. మనిషికి ఎంత మోతాదు క్షేమమో తేలేదాకా ఇది మలేరియాకు మందు కాదు.

పెద్దల అనుభవం ఒక ప్రశ్నను మనకు అందిస్తుంది. జవాబు పరీక్షలో దొరకాలి. గట్టు మీది సహదేవిని పీకివేయకండి, గౌరవించండి. బిడ్డకు చలిజ్వరం వస్తే మాత్రం ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి.